ఉపగ్రహం మీద ఒక్కటే చోటు

నేను రిటైర్ కావడానికి నాలుగేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, అంతరిక్ష ప్రయోగాలు నడిపే ప్రభుత్వ సంస్థ నన్ను తన ఖగోళశాస్త్ర సలహా కమిటీలో సభ్యురాలిగా నియమించింది. పదవీకాలం మూడేళ్లు. జీతం లేదు. ఏడాదికి ఒక పెద్ద సమావేశం, రానుపోను టికెట్టు, మధ్యాహ్నం భోజనం. నియామకపు ఉత్తరాన్ని మెట్టుగూడ చర్చిలో మా సంఘం ముందు చదివి ప్రార్థన చేయించింది మా పాస్టరమ్మ గారు. చివర్లో ఆవిడే నవ్వుతూ, "ఇంతకీ అక్కడ మీ పనేంటమ్మా?" అని అడిగారు. ఆ ప్రశ్న చాలామంది అడిగారు కాబట్టి ముందు అది చెప్పి తర్వాత అసలు సంగతికి వస్తాను.

సంస్థ దగ్గర రాకెట్లు, ఉపగ్రహాలు, నిధులు ఉంటాయి. శాస్త్రవేత్తల దగ్గర ప్రశ్నలుంటాయి. ఆకాశంలో చూడవలసినవి లెక్కలేనన్ని, పంపగలిగే పరికరాలు బహు కొద్ది. దేన్ని ముందు పంపాలన్నది సంస్థ అధికారులే నిర్ణయిస్తారు. కానీ ఏ ప్రశ్న బరువెంతో వాళ్లకు తెలియదు. అందుకని దేశంలోని రకరకాల విశ్వవిద్యాలయాల నుంచి, పరిశోధనాలయాల నుంచి కొందరిని పిలిచి కూర్చోబెట్టి అడుగుతారు. మాకు సంతకం పెట్టే అధికారం లేదు. మా చేతిలో ఉన్నది వాక్యం ఒక్కటే. ఆ వాక్యాలు రెండు రకాలు. ఒకటి గమనిక, దాన్ని సంస్థ చదివి పక్కన పెట్టొచ్చు. రెండోది సిఫారసు, దానికి మాత్రం సంస్థ రాతపూర్వకంగా జవాబు చెప్పి తీరాలి. ఒప్పుకుంటే ఒప్పుకున్నామని, లేకపోతే ఎందుకు కాదో.

ఇంకో పద్ధతి కూడా చెప్పాలి. ప్రతి ప్రతిపాదనకూ ఇద్దరు పాఠకులుంటారు. మొదటివారు దానిలోని బలం చెప్పాలి. రెండోవారు లోపాలు మాత్రమే చెప్పాలి, మనసులో ఎంత ఇష్టమున్నా సరే. రెండో పాఠకుణ్ణి అదే రంగంలోంచి ఎంచుకుంటారు, ఎక్కడ నొక్కితే నొప్పెడుతుందో ఆ రంగంవాళ్లకే తెలుస్తుంది కాబట్టి. మా కమిటీ అధ్యక్షుడు ప్రొఫెసర్ మూర్తి గారు కాకినాడ మనిషి, మాటకారి. రెండో పాఠకుణ్ణి ఆయన "పెళ్లిచూపుల్లో మేనత్త" అనేవారు. "ఏమండీ మేనత్తగారూ, పిల్లలో వంకలు చెప్పండి మరి" అని మొదలుపెట్టించేవారు.

నా మొదటి సమావేశానికి రెండు ప్రతిపాదనలు వచ్చాయి. ఒకటి ఎక్స్-రే పరికరం. ఆకాశాన్ని విశాలంగా కాపలా కాస్తూ, ఎక్కడైనా నక్షత్రం హఠాత్తుగా భగ్గుమంటే పట్టుకునేది. దాన్ని తయారుచేసింది ఇంతియాజ్ గారి బృందం. రెండోది అతినీలలోహిత టెలిస్కోపు. మన కంటికి కనబడని ఆ వెలుగులో దూరపు గెలాక్సీలను చూసేది, అక్కడ కొత్త నక్షత్రాలు ఎంత జోరుగా పుడుతున్నాయో చెప్పేది. దాని నాయకురాలు శశికళ, చిలకలగూడ అమ్మాయి. నా దగ్గరే పరిశోధన మొదలుపెట్టి, తర్వాత వేరే పరిశోధనాలయంలో సొంతంగా బృందం కట్టుకుంది. నా పేరు ఆమె ప్రతిపాదనలో ఎక్కడా లేదు కాబట్టి నియమం ప్రకారం చర్చప్పుడు నేను గది బయటికి వెళ్లనక్కర్లేదు. ఆ రంగం తెలిసినదాన్ని కాబట్టి దానికి మేనత్తనూ నేనే.

ఆ ఏడాది మేమంతా ఎంతో మర్యాదగా ప్రవర్తించాం. రెండూ గొప్పవే, రెండింటి వెనకా ఏళ్ల శ్రమ ఉంది, ఎవరి మనసూ నొప్పించడం ఎందుకని ఇలా రాశాం: రెండు పరికరాలూ అత్యుత్తమమైనవి, వనరులను బట్టి సంస్థ రెండింటినీ చేపట్టాలి. అందరం చప్పట్లు కొట్టి భోజనానికి లేచాం. ఏడాది తిరిగింది. ఒక్కటీ కదల్లేదు.

ఎందుకు కదల్లేదో నర్సింగరావు గారు చెప్పారు. ఆయన సంస్థ అధికారి, కమిటీకి సభ్య కార్యదర్శి. అంటే సమావేశం ఏర్పాటు చేసేదీ, మా వాక్యాలు పైకి మోసుకెళ్లేదీ ఆయనే. వరంగల్ దగ్గరి మనిషి, ముక్కుసూటిగా మాట్లాడతారు. "రెండూ మంచిగున్నయని మీరే రాసిన్రు గద మేడమ్. గట్లయితే ఏది ఆగినా ఫరక్ పడదని మా సార్లు అనుకున్నరు. ఇంకో డిపార్ట్‌మెంటోళ్లు గిదే కావాలని ఒక్కటే పేరు పట్టుకొచ్చిన్రు. వాళ్లది పాసైంది" అన్నారు.

ఆ మాట వింటుంటే మా నాన్న గుర్తొచ్చారు. నాన్న రైల్వేలో గార్డు, మెట్టుగూడ సంఘంలో పెద్ద. నా చిన్నప్పుడు మా చర్చి పైకప్పు కారేది, సండే స్కూలుకు గది ఉండేది కాదు. పెద్దలంతా కలిసి చర్చి పైఅధికారులకు రెండూ కావాలని అర్జీ పెట్టారు. వానాకాలం వచ్చింది, మేం గొడుగులు పట్టుకుని కీర్తనలు పాడాం. మరుసటి ఏడు నాన్న మిగతా పెద్దలతో పోట్లాడి పైకప్పు ఒక్కటే రాయించారు. పైకప్పు వచ్చింది. సండే స్కూలు పిల్లలం ఇంకా వేపచెట్టు కిందే కూర్చున్నామని నేను అలిగితే, "ప్రార్థనలో ఎన్నయినా అడగొచ్చమ్మా. అర్జీలో మాత్రం ఒకటే అడగాలి" అన్నారు. దేవుడికి వరస అక్కర్లేదు, ఆఫీసుకు కావాలి అని ఆయన భావం.

రెండో సమావేశం సికింద్రాబాద్‌లో పెట్టారు, ఒక ప్రభుత్వ అతిథిగృహంలో. ఊరిదాన్ని నేనే కాబట్టి ఏర్పాట్లు చూసే బాధ్యత నా మీద పడింది. ఉదయం టిఫిన్ల దగ్గరే నర్సింగరావు గారు గొంతు తగ్గించి మూర్తి గారితో ఏదో అన్నారు. మూర్తి గారు ఇడ్లీ ప్లేటు అలాగే పట్టుకుని నిలబడిపోయారు. తర్వాత తలుపు మూసి అందరికీ చెప్పారు: సమాచార ప్రసారాల ప్రయోగం కోసం తయారవుతున్న ఒక ఉపగ్రహంలో ఒక వైపు చోటు మిగిలింది. ఒక్క పరికరం పడుతుంది. ఎవరికివ్వాలో మరునాడు ఉదయం సంస్థ పెద్దలు తేలుస్తారు. నర్సింగరావు గారి రైలు సాయంత్రం. ఆయన ఒక పేరుతో రైలెక్కితే ఆ చోటు ఖగోళానిది. లేదంటే నిరుటి డిపార్ట్‌మెంటువాళ్లు మళ్లీ సిద్ధంగా ఉన్నారు.

ఆ గదిలో పుట్టిన ఉత్సాహం ఇప్పటికీ నాకు తెలుస్తూనే ఉంది. మాలో కొందరు ఇతర దేశాల టెలిస్కోపులు తీసిన సమాచారంతోనే ఉద్యోగమంతా గడిపినవాళ్లు. మనది అని చెప్పుకునే కన్ను ఆకాశంలో తెరుచుకునే అవకాశం ఇలా ఇడ్లీల మధ్యన వస్తుందని ఎవరనుకున్నారు! అరవై దాటిన మనుషులు పిల్లల్లా ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుతున్నారు. నేను కాఫీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గరికెళ్లి కళ్లు మూసుకున్నాను. నాన్న చెప్పినట్టే ప్రార్థనలో సిగ్గుపడకుండా రెండూ అడిగాను.

ఇద్దరు నాయకులూ వచ్చి తమ పరికరాల గురించి చెప్పారు. ఇంతియాజ్ గారు నెమ్మదస్తుడు. తన పరికరం గురి ఎక్కడున్నా పరవాలేదని, ఆకాశంలో సగం దాని కంటి కింద ఉంటుందని చెప్పి కూర్చున్నారు. శశికళ చెబుతుంటే గది మొత్తం ముందుకు వంగింది. అసలు చిక్కు ఆమెకూ తెలుసు. ఈ ఉపగ్రహం సమాచారం పంపడానికి పుట్టింది, టెలిస్కోపు మోయడానికి కాదు. అది కొద్దికొద్దిగా ఊగుతూ ఉంటుంది. ఊగే బండిలోంచి తీసిన ఫోటో అలుక్కుపోతుంది. దానికి ఆమె దగ్గర ఉపాయం ఉంది. ఒక పెద్ద ఫోటో బదులు చకచకా చాలా చిన్న ఫోటోలు తీయడం, ప్రతి ఫోటోలో మెరిసే నక్షత్రాలను గుర్తుపట్టి వాటి ఆధారంగా అన్నింటినీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చడం. అప్పుడు ఊగుడు పోతుంది, బొమ్మ నిలుస్తుంది. వేరే రంగాలవాళ్లు ఆనందంతో బల్ల చరిచారు.

తర్వాత ఇద్దర్నీ బయటికి పంపి తలుపు వేశాం. వరండాలో వాళ్లిద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని టీ తాగుతూ క్రికెట్ గురించి మాట్లాడుకోవడం కిటికీలోంచి వినబడుతోంది.

లోపల మొదటి పాఠకులు బలాలు చెప్పారు. ఎక్స్-రేకు మేనత్త అయినాయన చిన్న చిన్న వంకలేవో చెప్పి ఊరుకున్నారు. మూర్తి గారు నా వైపు తిరిగే లోపలే ఎవరో అన్నారు, రెండూ గొప్పగానే ఉన్నాయి కదా, రెండు పేర్లూ ఇచ్చేద్దాం, సంస్థ చూసుకుంటుంది అని. ఇంకొకరు తలూపారు. నర్సింగరావు గారికి ఓటూ లేదు, చర్చలో మాట్లాడే హక్కూ లేదు. ఆయన చేసిందల్లా జేబులోంచి రైలు టికెట్టు తీసి మా అందరికీ కనబడేలా బల్ల మీద పెట్టడం.

మూర్తి గారు అది చూసి, "మేనత్తగారూ, కానివ్వండి" అన్నారు.

నా దగ్గర ఒక ప్రశ్న ఉంది. శశికళ చెబుతున్నప్పుడే అది నాలో లేచి కూర్చుంది. దూరపు గెలాక్సీలను చూడాలంటే టెలిస్కోపును మన పాలపుంత నక్షత్రాలు అడ్డం రాని వైపు తిప్పాలి. అంటే నక్షత్రాలు పలుచగా ఉన్న చోటికి. కానీ ఫోటోలు పేర్చడానికి ఆధారం ఆ మెరిసే నక్షత్రాలే. ఆమె చూడదలచుకున్న చోటే ఆమె ఉపాయానికి ఊతం తక్కువ. గదిలో అతినీలలోహితం తెలిసినది నేనొక్కదాన్నే. నేను ఊరుకుంటే ఎవరికీ తట్టదు. ఊరుకుంటే బహుశా నా రంగమే గెలుస్తుంది, నా శిష్యురాలే గెలుస్తుంది. అయితే మా సంఘంలో సాక్ష్యం చెప్పడానికి నిలబడినవాళ్లు తమకు అనుకూలమైన సగం చెప్పి కూర్చోరు. చిన్నప్పటి నుంచి నేను చూసింది అది. ప్రశ్న చెప్పేశాను.

గది కాసేపు గోలగోలగా అయింది. అలాంటి నక్షత్రాలు సరిపడా దొరకవచ్చునని ఒకరు, దొరకవని ఒకరు. నియమం ప్రకారం, నిజానిజాలు తేల్చుకోవడానికి మాత్రం ప్రతిపాదించినవారిని లోపలికి పిలిచి ప్రశ్న అడగొచ్చు, వాదించనివ్వకూడదు. శశికళను పిలిచాం. ప్రశ్న నేనే అడగాలి.

"మీరు ఎంచుకున్న గెలాక్సీల దిక్కున, ఫోటోలు పేర్చడానికి సరిపడా నక్షత్రాలు దొరుకుతాయా?" అన్నాను. కమిటీలో ఉన్నప్పుడు ఆమెను నువ్వు అనడం మానేశాను.

శశికళ నన్ను చూసింది. ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు వెంటనే అర్థమైంది. అవునని చెప్పినా ఆ గదిలో లెక్కలు చూపి కాదనగలిగేవాళ్లు లేరు. "కొన్ని దిక్కుల దొరుకుతయి మేడమ్. చాలా దిక్కుల దొరకయి" అంది.

అప్పుడు ఒక సభ్యుడు ఆమెకు చేయి అందించబోయాడు. గెలాక్సీలు వదిలేసి, నక్షత్రాలు దట్టంగా ఉన్న వైపు చూస్తే ఈ ఇబ్బంది లేదు కదా, అలా మార్చుకుంటారా అని. ఒప్పుకుంటే చోటు ఆమెదే అయ్యేదని ఇప్పటికీ నా నమ్మకం. శశికళ తల అడ్డంగా ఊపింది. "నక్షత్రాలు చూసెటందుకు గింత పెద్ద అద్దం ఎందుకు సార్? నేను కట్టింది గెలాక్సీల కోసం. చోటు దొరికిందని ప్రశ్న మార్చుకుంటే, రేపు ఏం కనిపెట్టినవని అడిగితే ఏం చెప్తా?"

ఆమె బయటికి వెళ్లింది. వాదించడానికి ఇంకేమీ మిగల్లేదు. పనంతా వాక్యాలది.

బయటివాళ్లు నమ్మరు గాని, సలహా కమిటీలో అసలైన వేడి ఇక్కడే పుడుతుంది. మూర్తి గారు కంప్యూటర్ ముందు కూర్చుంటే, తెర మీద పడే ప్రతి అక్షరానికీ పదిమంది పోట్లాడతారు. మొదటి వాక్యం సులభంగా వచ్చింది: ఈ ఉపగ్రహం మీది చోటు ఎక్స్-రే పరికరానికి ఇవ్వాలి. "అత్యుత్తమమైన ఎక్స్-రే పరికరానికి" అని ఒకరు చేర్చబోతే మూర్తి గారు, "అయ్యా, పెళ్లి కుదిరిపోయింది, ఇంకా పొగడ్తలెందుకు?" అని కొట్టేశారు. రెండో వాక్యం దగ్గర ఆగాం. అతినీలలోహిత టెలిస్కోపును ఈ ఉపగ్రహం మీద పంపకూడదు. మూర్తి గారికి అది కటువుగా అనిపించింది, మెత్తగా చేద్దామన్నారు. నేను వద్దన్నాను. మెత్తగా రాస్తే చోటు ఇంకాస్త ఉందని ఎవరో దాన్ని ఇరికిస్తారు, అలుక్కుపోయిన ఫోటోలు వస్తాయి, అతినీలలోహితం మన దేశంలో పనికిరాదని ముద్ర పడుతుంది. ఆ ముద్రను తర్వాత ఏ కమిటీ చెరపలేదు.

అయితే "పంపకూడదు" అన్న చోట వాక్యం ముగిసిపోతే ఆ టెలిస్కోపు కథా ముగిసినట్టే. మూడో వాక్యం కావాలని అడిగింది నేను. చాలాసేపు కుస్తీ పట్టి ఇలా తేల్చాం: కదలకుండా గురి నిలపగల ఉపగ్రహం సంస్థ చేతికి వచ్చిన రోజున, దాని మీద మొదటి చోటు ఈ టెలిస్కోపుకు ఇవ్వాలి. ఎంత కదలకుండా ఉండాలో, ఎంతసేపు నిలవాలో కొలతలు కింద రాశాం. మూడింటినీ గమనికలుగా కాదు, సిఫారసులుగా పెట్టాం. మూడింటికీ సంస్థ జవాబు చెప్పాలి.

నర్సింగరావు గారు ప్రింటు తీసుకుని, ఒకసారి చదివి, "ఇగ ఇప్పుడు మోయొచ్చు" అన్నారు. ఆటోలో కూర్చున్నాక తల బయటపెట్టి, "నిరుడు మీరిచ్చింది పెండ్లి శుభలేఖ లెక్క ఉండె మేడమ్, అందర్నీ రమ్మన్నరు" అని నవ్వి స్టేషన్‌కు వెళ్లిపోయారు.

వరండాలో శశికళ ఒక్కతే ఉంది. ఇంతియాజ్ గారు అప్పటికే వెళ్లిపోయారు. ఫలితం చెప్పే అధికారం నాకు లేదు. ఆమె అడగనూ లేదు. బ్యాగు భుజానికి తగిలించుకుంటూ, "ఆ ప్రశ్న ఇంకెవరికీ రాదు. మీకే వస్తది. నేర్పింది సుత మీరే గద" అంది. ఆ మాటలో కోపం ఎంతో, ఇంకేదైనా ఉంటే అది ఎంతో నాకు తెలియలేదు. ఎప్పుడూ నా కారులోనే ఇంటి దాకా వచ్చే మనిషి, ఆ రోజు బస్సెక్కింది. చాలా నెలలు ఫోను లేదు.

మరునాడు మధ్యాహ్నమే నర్సింగరావు గారి ఫోను వచ్చింది. మొదటిది ఒప్పుకున్నారు. రెండోదీ ఒప్పుకున్నారు. మూడోదాని మీద పెద్దాయన ఒకరు, ఇదెందుకు ఇప్పుడే అని అడిగారట. కొలతలతో సహా రాశారు సార్, రేపు మనం వెతుక్కునే పని తప్పుతుందని ఈయన చెబితే, సరేనని సంతకం పెట్టారట. నేను ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. స్తోత్రం అని పైకే అనేసి, ఎవరికి చెప్పాలో తెలియక పక్కింటి ఆవిడకు చెప్పాను. ఆవిడకు ఏమీ అర్థం కాలేదు గాని ఆవిడా సంతోషించింది.

ఎక్స్-రే పరికరం ఎగిరింది. అది పని మొదలుపెట్టిన కొద్ది రోజులకే, ఒక ఆదివారం, ఆకాశంలో ఒక మూల ఏదో భగ్గుమంది. దాన్ని ముందుగా పట్టుకున్నవాటిలో మనది ఒకటి. నేను ఆరాధనలో ఉన్నాను, ఫోను సంచిలో ఉంది. ఆశీర్వాదం అయ్యి బయటికొచ్చి చూస్తే ఇంతియాజ్ గారివి వరసగా మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే ఆ నెమ్మదస్తుడు అరుస్తున్నాడు. "మేడమ్, చూసింది! మనది చూసింది!" చర్చి గేటు దగ్గర నిలబడి నేనూ అరిచాను. సంఘంవాళ్లు కంగారుపడి చుట్టూ చేరితే, మంచి వార్తే అని చెప్పి, సండే స్కూలు పిల్లలకు నేల మీద పుల్లతో గీసి చూపించాను, ఒక నక్షత్రం తన పక్క నక్షత్రం మీది వాయువును ఎలా లాక్కుంటుందో, లాక్కుంటే ఎందుకు మండుతుందో.

నేను రిటైరైన తర్వాత సంస్థకు కదలకుండా నిలబడే ఉపగ్రహం ఒకటి సిద్ధమైంది. మళ్లీ ప్రతిపాదనలు పిలవాలా అన్న చర్చ వచ్చినప్పుడు నర్సింగరావు గారు పాత సిఫారసు, దాని కింద సంస్థ ఒప్పుకున్నామని రాసిన జవాబు తీసి ముందు పెట్టారు. కొలతలు సరిపోయాయి. శశికళ టెలిస్కోపు ఇప్పుడు దాని మీద బిగించే పనిలో ఉంది.

ఆ సంగతి చెప్పడానికి శశికళ మెట్టుగూడ వచ్చింది. అద్దం ఫోటోలు చూపించింది, నా వంటకు వంకలు పెట్టింది, మేనత్త తనేనట. వెళ్లేముందు చెప్పులేసుకుంటూ అంది: "ఆ రోజు సుత మీరు రెండూ మంచిగున్నయని రాసుంటే నేను ఖుషీగా ఇంటికి పోతుంటి మేడమ్. ఇప్పటిదాంక ఇంట్లనే ఉంటుంటి."

ఇప్పుడు కొత్తగా ఇలాంటి కమిటీలకు వెళ్లేవాళ్లు నన్ను కలిస్తే నేను చెప్పేది ఇంతే. ప్రభుత్వం మనల్ని పిలిచేది ఏది గొప్పదో తెలుసుకోవడానికి కాదు, ఏది ముందో తెలుసుకోవడానికి. అది చెప్పడానికి మొహమాటపడితే, ఆకాశం గురించి ఏమీ తెలియనివారు మన బదులు చెబుతారు. ఏదైనా ఆగాలని రాసేటప్పుడు, అది ఏది వచ్చేదాకా ఆగాలో కూడా అదే కాగితం మీద రాయాలి.